ఉత్తరముఖమా, దక్షిణముఖమా?



2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎర్రబారింది. అక్కడి టెలిస్కోపులను నడిపేది మన బెంగళూరు కోరమంగళలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్. ధ్రువ ప్రాంతాల ఆకాశాల్లో వింతకాంతులను పుట్టించే కారణమే ఆ రాత్రి అంత దక్షిణాన కూడా పనిచేసింది. 2003 తర్వాత భూమిని తాకిన అయస్కాంత తుఫానుల్లో అంత పెద్దది మరొకటి లేదు. సూర్యుడి మీద 13664 అనే సంఖ్యతో గుర్తించిన మచ్చల గుంపు ఒకదాని వెంట ఒకటిగా ప్లాస్మా మేఘాలను విసిరింది. అవి వచ్చి భూమి అయస్కాంత క్షేత్రంలోకి చొరబడ్డాయి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో నేల మీది అయస్కాంత బలం 400 నానోటెస్లాలకు పైగా పడిపోయింది. మన దక్షిణాదిలో ఆ బలం సుమారు 40,000 నానోటెస్లాలు ఉంటుంది. అంటే తగ్గింది నూటికి ఒక వంతు. ఇంతేనా అనిపించవచ్చు. కానీ అయస్కాంత బలం ఉన్నట్టుండి మారితే నేలలోనూ, వందల కిలోమీటర్ల కరెంటు తీగల్లోనూ అనుకోని విద్యుత్తు పుడుతుంది. 1989 మార్చిలో అలాంటి తుఫానుకే కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు.

ఈ ప్లాస్మాను ఎలా కొలుస్తారన్నది ఇవాళ్టి ప్రసంగం. కొలవాల్సినవి ప్రధానంగా నాలుగు. అందులో కణాలెన్ని, అది ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంతో వస్తోంది, అది తనతో మోసుకొస్తున్న అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుకు తిరిగి ఉంది. మొదటి మూడింటి గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. నా దృష్టిలో అసలు సంగతి నాలుగోదానిలో ఉంది. భూమికి ఏమవుతుందో తేల్చేది అదే, దూరం నుంచి అందనిదీ అదే.

వాయువును బాగా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అటు ఎలక్ట్రాన్లు, ఇటు అయాన్లు విడివిడిగా తిరుగుతుంటాయి. అదే ప్లాస్మా. కణాలకు విద్యుదావేశం ఉంది కాబట్టి అవి అయస్కాంత క్షేత్రంలో తిన్నగా పోలేవు. పందిరి గుంజను చుట్టుకుంటూ పైకి పాకే చిక్కుడు తీగలా బలరేఖను చుట్టుకుంటూ పోతాయి. ఎలక్ట్రాను చుట్టు చిన్నది, ప్రోటాను చుట్టు పెద్దది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ప్లాస్మానే సౌరపవనం అంటారు; భూమి దగ్గర దానిలో ప్రోటాను చుట్టు వ్యాసార్థం ఎనభై, వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. ప్లాస్మా రేఖలను వదలదు, రేఖలు ప్లాస్మాను వదలవు. ఒకటి కదిలితే రెండోది వెంట పోతుంది. ఈ విషయాన్ని సిద్ధాంతంగా నిలబెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు హానెస్ ఆల్ఫ్‌వేన్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రయోగశాలలో అయితే ప్లాస్మాను ముట్టుకునే కొలవవచ్చు. 1920లలో అమెరికాలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ చూపిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. సన్నటి లోహపు తీగను ప్లాస్మాలోకి దూర్చి, దాని వోల్టేజిని మారుస్తూ ఎంత కరెంటు వస్తోందో చూస్తే సాంద్రత, ఉష్ణోగ్రత రెండూ తెలుస్తాయి. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద ఉన్న రంభ అనే పరికరం ఇలాగే చంద్రుడి నేలకు దగ్గరగా ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లున్నాయని 2023లో చెప్పింది. అయితే అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోట ఈ తీగ చెప్పేది జాగ్రత్తగా వినాలి. రేఖ వెంబడి వచ్చే ఎలక్ట్రాన్లు తీగను సులువుగా చేరతాయి, రేఖకు అడ్డంగా ఉన్నవి చేరలేవు. లెక్క తప్పకుండా ఉండాలంటే క్షేత్రం ఎటు ఉందో ముందే తెలియాలి. దిక్కు తెలియనిదే మిగతా కొలతలూ పూర్తిగా నమ్మదగినవి కావు.

సూర్యుడి దగ్గరికి తీగ పట్టుకుని పోలేం. అక్కడి ప్లాస్మాను వెలుగు ద్వారా కొలవడం మొదలైంది మన తెలుగు నేల మీదే అంటే కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన ప్రాంతం మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో, అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలల వెలుగును పట్టకంలో విడదీసి చూస్తే విడివిడిగా మెరిసే గీతలు కనబడ్డాయి. అవి వేడెక్కిన వాయువులని, అందులో హైడ్రోజన్ ఉందని తేలింది. సోడియం గీతకు దగ్గరగా ఉన్నా దానితో కలవని ఒక పసుపు గీత కూడా అప్పుడు చర్చకు వచ్చింది. అది హీలియం గీత. భూమి మీద ఆ వాయువు దొరికింది 1895లో. జాన్సెన్ మర్నాడు గుంటూరులోనే గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూసే ఉపాయం కనిపెట్టాడు. ఆ జ్వాలలను అంత ఎత్తున నిలబెట్టింది అయస్కాంత క్షేత్రమని ఆనాడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు, అవి తెగి విడిపోయినప్పుడే చాలాసార్లు భూమి వైపు ప్లాస్మా మేఘాలు బయలుదేరతాయని.

ఆ మద్రాసు అబ్జర్వేటరీ పని 1899లో కొడైకెనాల్‌కు మారింది. 1909లో అక్కడ జాన్ ఎవర్‌షెడ్ సూర్యమచ్చల్లో వాయువు మధ్య నుంచి అంచులకు పారుతోందని వర్ణపట గీతల జరుగుబాటు చూసి కనిపెట్టాడు. అదే 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అనే స్వతంత్ర సంస్థగా మారి తర్వాత బెంగళూరులో స్థిరపడింది. దాన్ని అలా తీర్చిదిద్దిన వైణు బప్పు హైదరాబాదులో పెరిగినవారు, నిజాం కాలేజీలో చదివినవారు. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు.

ఇక ఆ సంస్థ రేడియో కేంద్రం ఉన్న గౌరీబిదనూరు. బెంగళూరు నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు. అక్కడికి హిందూపురం దగ్గరే. కన్నడంతో పాటు తెలుగు కూడా ఇళ్ళల్లో, అంగళ్ళల్లో వినబడే ప్రాంతం. 1970లలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అక్కడ వెయ్యి యాంటెన్నాలతో ఒక రేడియో టెలిస్కోపు కట్టాయి. ఆంగ్లాక్షరం టీ ఆకారంలో పరిచారు. తూర్పు పడమరలుగా దాదాపు 1.4 కిలోమీటర్లు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. సి.హెచ్.వి. శాస్త్రిగారు ఆ కేంద్రానికి ప్రాణం పోసిన వారిలో ముఖ్యులు. పెద్ద గిన్నె ఆకారం డిష్‌లు అక్కడ కనబడవు. స్తంభాలు, తీగలు, పొడవు తగ్గుతూ పోయే కడ్డీల వరుసలు. మన దగ్గర జరిగే గొప్ప పనుల్లో ఉపగ్రహాలకు దక్కినంత పేరు ఇలాంటి వాటికి దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే గౌరీబిదనూరు చేసే కొలత చాలా సూటిగా ఉంటుంది.

ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లను ఒక్కసారి కదిపితే అవి తమ సొంత లయలో ఊగుతాయి. ఆ లయ వేగాన్ని నిర్ణయించేది ఒక్కటే, ఘనపు సెంటీమీటరులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నది. వేడితో పెద్దగా పనిలేదు, సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడన్న దానితోనూ పనిలేదు. ఆ ఊపు నుంచి అదే లయలో రేడియో తరంగాలు పుడతాయి. ఈ ప్రసంగాన్ని మీరు ఎఫ్ఎంలో, 100 మెగాహెర్ట్జ్ దగ్గర వింటున్నారనుకోండి. సూర్యుడి నుంచి సరిగ్గా ఆ చోటికి ఒక రేడియో మోత వస్తే, అది పుట్టినచోట ఘనపు సెంటీమీటరుకు సుమారు 12 కోట్ల ఎలక్ట్రాన్లున్నాయని అర్థం. 40 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తే 2 కోట్లు. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా పైకి పోయే కొద్దీ పలచబడుతుంది. కాబట్టి ఒక విస్ఫోటం తోసుకుపోయే ఆఘాత తరంగం పైకి లేచే కొద్దీ రేడియో మోత పౌనఃపున్యం దిగుతూ వస్తుంది. నిమిషాల్లో 120 నుంచి 40కి దిగిందంటే, సాంద్రత 18 కోట్ల నుంచి 2 కోట్లకు మారిన దూరాన్ని ఆ తరంగం అన్ని నిమిషాల్లో దాటిందన్నమాట. వేగం అక్కడే చేతికొస్తుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ప్లాస్మా తన లయకు రెట్టింపు పౌనఃపున్యంలో కూడా మోగుతుంది. మనం వింటున్నది ఆ రెట్టింపు స్వరమైతే నిజమైన సాంద్రత మన లెక్కలో నాలుగో వంతే. రెండోది, ఏ ఎత్తులో ఎంత సాంద్రత ఉంటుందో ముందుగా ఒక నమూనా అనుకోవాలి. ఆ నమూనా తప్పితే వేగమూ తప్పుతుంది. అందుకే 1997 నుంచి గౌరీబిదనూరులో సూర్యుడి రేడియో చిత్రాలు తీసే రేడియోహీలియోగ్రాఫ్ పనిచేస్తోంది. 40 నుంచి 120 మెగాహెర్ట్జ్ మధ్య మోత ఎక్కడి నుంచి వస్తోందో, ఏ ఎత్తులో ఉందో అది చిత్రంగా చూపిస్తుంది. ఊహించిన ఎత్తు స్థానంలో చూసిన ఎత్తు వస్తుంది.

అయస్కాంత క్షేత్రం జాడ కూడా అక్కడే కొంత దొరుకుతుంది. క్షేత్రం ఉన్న ప్లాస్మాలో కుడికి తిరుగుతూ పోయే రేడియో తరంగం ఒకలాగా, ఎడమకు తిరుగుతూ పోయేది ఇంకొకలాగా ప్రయాణిస్తుంది. వచ్చిన తరంగంలో ఏది ఎంత ఎక్కువుందో కొలిస్తే క్షేత్రం బలాన్ని అంచనా వేయవచ్చు. కరోనాలో అది కొద్ది గాస్‌లు మాత్రమే (గాస్ కూడా అయస్కాంత బలానికి ఒక కొలమానమే). సూర్యమచ్చలో మూడు వేల గాస్‌ల దాకా ఉండే క్షేత్రాన్ని హేల్ అనే శాస్త్రజ్ఞుడు 1908లోనే కొలిచాడు. దాని పైన, పలచటి కరోనాలో ఉన్న ఈ కొద్దిపాటి క్షేత్రాన్ని పట్టుకోవడానికి మాత్రం ఇన్ని దశాబ్దాలుగా శ్రమిస్తూనే ఉన్నారు. బెంగళూరు నగరం ఉత్తరానికి పెరుగుతోంది, ప్రసారాలు పెరుగుతున్నాయి. గౌరీబిదనూరు చుట్టూ రేడియో నిశ్శబ్దాన్ని కాపాడే బాధ్యత కర్ణాటక ప్రభుత్వం, ఇటు మన వాళ్ళు కూడా గట్టిగా తీసుకోవాలని నా కోరిక.

బెంగళూరుకు మరో పక్క, హోసకోటెలో ఇదే సంస్థకు ఇంకో ఆవరణ ఉంది. సూర్యుణ్ణి గమనించే ఇస్రో ఆదిత్య-ఎల్1 ఉపగ్రహంలోని పెద్ద పరికరం, వెల్క్ అని పిలిచే కరోనాగ్రాఫ్, అక్కడ తయారైంది. బరువు 190 కిలోలు. సూర్యబింబాన్ని కప్పేసి, దాని వెలుగులో పది లక్షల్లో ఒక వంతుకు మించని కరోనా కాంతిని అది చూస్తుంది. పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము ఇచ్చే ఆకుపచ్చ గీత దాని ముఖ్య ఆధారాల్లో ఒకటి. గీత వెడల్పు నుంచి వేడి, గీత జరిగిన తీరు నుంచి వేగం, గీత మసకబారడం నుంచి పోయిన పదార్థం తెలుస్తాయి. 2024 జూలై 16న జరిగిన విస్ఫోటంలో ఆ చోటు వెలుగు దాదాపు సగానికి పడిపోవడం వెల్క్ చూసింది. అదే ఏడాది సెప్టెంబరు 13న లేచిన మేఘం బరువు సుమారు 27 కోట్ల టన్నులని, వేడి 18 లక్షల డిగ్రీలని దాని కొలతల నుంచి లెక్కగట్టారు.

ఇవన్నీ దూరం నుంచి చూసే చూపులు. ప్లాస్మా మధ్యలో నిలబడి కొలిచేవి ఆదిత్య మీద వేరే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న ఉదయం 11.50కి శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 మీద బయలుదేరి, 2024 జనవరి 6న ఆదిత్య తన కక్ష్యలోకి చేరింది. భూమి నుంచి సూర్యుడి దిశలో 15 లక్షల కిలోమీటర్లు. మనకు, సూర్యుడికి మధ్య దూరంలో నూరో వంతు. మామూలు రోజుల్లో అక్కడ వీచే సౌరపవనంలో ఘనపు సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లుంటాయి, వేగం సెకనుకు 400 కిలోమీటర్లు, అయస్కాంత బలం 5 నానోటెస్లాలు.

అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ చేసిన ఆస్పెక్స్ అనే పరికరంలో ఒక భాగం నాకు ఎంతో నచ్చుతుంది. వచ్చిన అయాన్లను మొదట వంపు తిరిగిన రెండు లోహపు పలకల మధ్యకు పంపుతారు. పలకల వోల్టేజికి తగ్గ శక్తి ఉన్నవే గోడలకు తగలకుండా బయటపడతాయి. వోల్టేజిని మెట్లు మెట్లుగా మారిస్తే ఏ శక్తిలో ఎన్ని కణాలున్నాయో తెలుస్తుంది, వాటి నుంచి వేగం, వేడి. తర్వాత ఆ కణాలను అయస్కాంతాల మధ్యకు వదులుతారు. అక్కడ ప్రోటాను ఎక్కువగా వంగుతుంది, బరువైన హీలియం కేంద్రకం తక్కువగా వంగుతుంది. పడే చోట్లు వేరు కాబట్టి రెండింటినీ విడిగా లెక్కపెట్టవచ్చు. మామూలు సౌరపవనంలో వంద ప్రోటాన్లకు నాలుగు హీలియం కేంద్రకాలుంటే, విస్ఫోటం నుంచి వచ్చిన మేఘంలో అవి రెట్టింపు, అంతకు మించి కూడా ఉంటాయి. హీలియం పెరిగిందంటే మేఘం లోపలికి వచ్చేశామని గుర్తు. తిరువనంతపురంలో తయారైన పాపా అనే పరికరం ఎలక్ట్రాన్లను కూడా ఇలాగే లెక్కిస్తుంది.

దిక్కు సంగతి చెప్పేది మాగ్నెటోమీటర్. దాన్ని బెంగళూరులో ఇస్రోకు చెందిన ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల తయారు చేసింది. మెత్తటి ఇనుప జాతి లోహం చుట్టూ తీగ చుట్టి, కరెంటును అటూ ఇటూ మారుస్తూ ఆ లోహాన్ని రెండు వైపులా పూర్తిగా అయస్కాంతంగా మారుస్తారు. బయటి క్షేత్రం లేకపోతే రెండు వైపులా సమానం. కొంచెమైనా ఉంటే ఒక వైపు ముందే నిండుతుంది. ఆ తేడా నుంచి బయటి క్షేత్రం బలమూ దిశా బయటపడతాయి. మూడు దిక్కులకూ ఇలాంటి ఏర్పాటే. కష్టమంతా ఎక్కడంటే, ఉపగ్రహంలో మోటార్లు, వైర్లు, బ్యాటరీలు అన్నీ తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. భూమి మీది బలంలో ఎనిమిది వేలలో ఒక వంతు ఉన్న 5 నానోటెస్లాలను వాటి మధ్య కొలవాలి. అందుకే ఆరు మీటర్ల చేతిని బయటికి చాచారు. ప్రయోగం నుంచి 132 రోజులు మడిచి ఉంచిన ఆ చేయి 2024 జనవరి 11న సుమారు తొమ్మిది సెకన్లలో విచ్చుకుంది. చివర ఒక సెన్సరు, మధ్యలో మూడు మీటర్ల దగ్గర ఇంకొకటి. ఉపగ్రహం సొంత క్షేత్రం దూరం పెరిగితే త్వరగా తగ్గిపోతుంది, సూర్యుడి నుంచి వచ్చింది మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. రెండు సెన్సర్ల తేడా తీస్తే ఉపగ్రహం వంతు తెలిసిపోతుంది, దాన్ని తీసేస్తే మిగిలింది సూర్యుడిది.

దిశకు అంత ప్రాముఖ్యం ఎందుకు? సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు భూమి క్షేత్రం ఉత్తరానికి చూస్తుంటుంది. వచ్చే మేఘం క్షేత్రం కూడా ఉత్తరముఖంగా ఉంటే చాలా వరకు పక్కలనుంచి జారిపోతుంది. దక్షిణముఖంగా ఉంటే రెండింటి రేఖలూ తెగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఈ సంగతి 1961లో జేమ్స్ డంజీ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. రేఖలు కలిశాక భూమికి వెనుక వైపు శక్తి పోగుపడుతుంది, అక్కడి నుంచి ప్లాస్మా భూమి క్షేత్రంలోకి దూసుకొచ్చి భూమి చుట్టూ వలయంలా విద్యుత్తు ప్రవహిస్తుంది. చౌటుప్పల్లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) అయస్కాంత కేంద్రంలో సూది కిందికి దిగేది ఆ వలయం వల్లే. అంతే బరువు, అంతే వేగం ఉన్న రెండు మేఘాల్లో ఒకటి ఎవరికీ తెలియకుండా పోతుంది, ఇంకొకటి ట్రాన్స్‌ఫార్మర్లను కాల్చేస్తుంది.

దారిలో ఉన్న మేఘం తన క్షేత్రం దిశను చెప్పే కాంతిని మనకు దాదాపు పంపదు. పైగా దారిలో మెలికలు తిరుగుతుంది, వేరే మేఘాన్ని ఢీకొంటుంది. ఆదిత్య దగ్గరికి వచ్చాకే దిశ తెలుస్తుంది. అక్కడి నుంచి భూమికి 400 కిలోమీటర్ల వేగంతో గంట, 800 వేగంతో అరగంట. మనకు దక్కే హెచ్చరిక అంతే. 2024 మే తుఫానులో దక్షిణముఖ క్షేత్రం సుమారు 50 నానోటెస్లాల దాకా వెళ్ళింది. ఆదిత్య కొలతలనూ, అమెరికా ఉపగ్రహాల కొలతలనూ కలిపి చూసిన మన శాస్త్రజ్ఞులు, రెండు మేఘాలు ఢీకొని వాటిలోపలే రేఖలు తెగి అతుక్కున్నాయని, ఆ చోటు దాదాపు 13 లక్షల కిలోమీటర్ల వెడల్పుందని చెప్పారు. ఒకే ఉపగ్రహం ఉంటే ఆ సంగతి బయటపడేదే కాదు. అందుకే ఇంకా చాలా చోట్ల మాగ్నెటోమీటర్లు ఉండాలి, సూర్యుడికి ఇంకా దగ్గరగా కూడా ఉండాలి.

డిగ్రీ, పీజీ చదువుతున్న శ్రోతలకు ఒక మాట. ఆదిత్య కొలతలను 2025 జనవరి 6న ఇస్రో అందరికీ తెరిచింది. ప్రదాన్ అనే పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే చాలు. 2024 మే 10, 11 తేదీలవి తీసుకోండి. ఒక గీతలో హీలియం నిష్పత్తి, దాని కింద ఉత్తర-దక్షిణ క్షేత్రం, దాని కింద హైదరాబాదులో నమోదైన అయస్కాంత బలం పెట్టి గంటల వారీగా గీయండి. క్షేత్రం దక్షిణానికి తిరిగిన ఎంతసేపటికి హైదరాబాదు గీత కుంగిందో మీ స్కేలుతోనే కొలవచ్చు. ఆ వ్యవధిని ప్లాస్మా వేగంతో గుణించి, 15 లక్షల కిలోమీటర్లతో పోల్చి చూడండి. ఎక్కువొస్తే ఆ మిగతా సమయం ప్లాస్మా భూమి వెనుక ఎక్కడ గడిపిందన్నది మీ అధ్యాపకులతో కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న.